జోగు జలపాతం: ఎగువ సంగతులు

జోగు జలపాతం పేరు వినని వారు మనలో అరుదు. పాఠశాలలో భూగోళం చదివిన రోజుల్లో దాని ఎత్తు 830 అడుగులని, అది పడమటి కనుమలలో శరావతి నది మీద ఉన్నదని వల్లెవేసిన వారమే. పాత ఇంగ్లీషు గ్రంథాలలో దానికే గేర్సొప్ప అని పేరు. దానిని చూచి వచ్చి వ్రాసినవారు అన్ని భాషలలోను ఉన్నారు. వారిలో ఎక్కువమంది, నేను చదివినంత మేరకు, ఒకే చోట నిలబడి వ్రాశారు. అది నీరు పడే చోటికి ఎదురుగా ఉన్న గట్టు. అక్కడ నిలబడినవానికి నురుగు, తుంపర, ఇంద్రధనుస్సు, హోరు తప్ప మరొకటి తోచదు. తోచనక్కర లేదు కూడ. అయితే ఆ నీరు అక్కడే ఎందుకు పడుతున్నది, ఏడాదిలో ఎన్నాళ్ళు పడుతున్నది, ఎవరు పడనిస్తే పడుతున్నది అన్న ప్రశ్నలకు సమాధానం ఆ గట్టు మీద దొరకదు. నదిని పట్టుకొని కొంత ఎగువకు పోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ ఎగువ సంగతులే ఎక్కువగా ప్రస్తావింపదలచినాను.

శరావతి శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో అంబుతీర్థమనే చోట పుడుతున్నది. సీతాదేవికి దప్పిక కాగా శ్రీరాముడు బాణం వేసి నీరు తెప్పించినాడని స్థలపురాణం. శరం వలన పుట్టినది గనుక శరావతి అయినది. 'అంబు' అంటే సంస్కృతంలో నీరు, కన్నడంలో బాణం, మన 'అమ్ము' దాని తోబుట్టువే. పురాణకథ అంతా ఈ రెండర్థాల నడుమ పుట్టినదేమోనని భాషాభ్యాసం ఉన్నవారికి అనుమానం కలుగక మానదు. పుట్టిన చోటు నుంచి సముద్రం వరకు ఈ నది పొడవు 128 కిలోమీటర్లు, అంటే ఎనభై మైళ్ళు. గోదావరిని చూచిన కంటికి ఇది పిల్లకాలువ. ఈ చిన్న నది తన ప్రయాణంలో మొదటి భాగమంతా పీఠభూమి మీద వాయవ్యదిశగా, కనుమల వెన్ను వెంట, తొందర లేకుండా నడుస్తుంది. ఆ తరువాత హఠాత్తుగా పడమటికి తిరిగి, అగాధంలోకి దూకి, లోయ వెంట పోయి హొన్నావర వద్ద అరేబియా సముద్రంలో కలుస్తుంది. జోగు రహస్యమంతా ఆ మలుపులో ఉన్నది.

దక్షిణాపథంలో పెద్ద నదులన్నీ పడమట పుట్టి తూర్పునకు ప్రవహిస్తాయని మనకు తెలిసినదే. శరావతికి పొరుగున పుట్టిన తుంగ, భద్ర రెండూ కలిసి తుంగభద్రయై, కృష్ణలో పడి, బంగాళాఖాతం చేరుతున్నవి. పడమటి సముద్రం కూతవేటు దూరంలో ఉండగా అవి ఇంత దూరం తిరగడానికి కారణం పీఠభూమి తూర్పునకు వాలి ఉండడం. మరి శరావతి ఎందుకు ఆ వాలును కాదని పడమటి దారి పట్టినది?

దీనికి సమాధానం చాలా వెనుకకు పోయి వెదకవలసి ఉన్నది. సుమారు తొమ్మిది కోట్ల సంవత్సరాల క్రితం వరకు మడగాస్కర్ ద్వీపం మన పడమటి తీరానికి అంటుకొని ఉండేది. అది విడిపోయిన కాలంలో నేల చీలి పైకి వచ్చిన లావా ఉడుపి వద్ద సముద్రంలో సెయింట్ మేరీస్ దీవులుగా నేటికీ కనిపిస్తున్నది. ఆ రాళ్ళ వయస్సు సుమారు 8.8 కోట్ల సంవత్సరాలని లెక్క కట్టినారు. ఖండం విరిగిన అంచు పైకి లేచి గోడ వలె నిలిచినది. ఆ గోడకు ఇవతల నదులు పొడవైనవి, నిదానమైనవి. అవతల నదులు పొట్టివి, నిటారుగా దిగేవి. పైగా నైఋతి ఋతుపవనం తన బరువంతా ఆ అవతలి వాలు మీదనే దించుతుంది. వర్షపాతానికి పేరుపడ్డ ఆగుంబె ఈ ప్రాంతంలోనిదే. అంత వాన, అంత వాలు ఉన్న చోట వాగులు కిందికి ప్రవహించడమే గాక వెనుకకు కూడ కోసుకొంటూ పోతాయి. నదికి నోటి వైపు ఎంత చలనం ఉన్నదో తల వైపు అంత ఉన్నది. అట్లా వెనుకకు కోసుకొంటూ వచ్చిన ఒక పడమటి వాగు కనుమ వెన్నును తెగ్గొట్టి, పీఠభూమి మీద తన మానాన తాను పోతున్న నదిని పక్క నుంచి పట్టి తన లోయలోకి లాగుకొన్నదని భూగర్భశాస్త్రజ్ఞులలో కొందరి ఊహ. కనుమల పొడుగునా ఉన్న పగుళ్ళ వెంట నేల పైకి లేవడం వలన నది దారి మారినదని మరికొందరు అంటారు. రెండు కారణాలూ కలిసి పనిచేసి ఉండవచ్చును. ఏది నిజమైనా, శరావతి ఎగువ భాగం పీఠభూమి నది, దిగువ భాగం కనుమ వాగు. రెండు వేర్వేరు స్వభావాలు గల ప్రవాహాలకు జోగు వద్ద అతుకు పడినది.

ఇక రాయి సంగతి. ప్రపంచ ప్రసిద్ధమైన నయాగరా వద్ద పైన గట్టి సున్నపురాయి జాతి పొర, దాని కింద మెత్తని పలకరాయి. నీరు మెత్తనిదానిని తొలిచివేయగా పైపొర ఆధారం లేక విరిగిపడుతుంది. ఆ విధంగా నయాగరా సుమారు పన్నెండువేల ఏళ్ళలో ఏడు మైళ్ళు వెనుకకు జరిగినది. జోగు వద్ద అట్టి మెత్తని పొర లేదు. అది పీఠభూమికి పునాదియైన నైస్ జాతి శిల. ఈ జాతి రాళ్ళ వయస్సు వందల కోట్ల సంవత్సరాలు. ఇది తొలిచినంత మాత్రాన కరగదు. నిలువు పగుళ్ళ వెంట, పలకలు పలకలుగా, విరిగినప్పుడు విరుగుతుంది. అందువలననే ఆ గోడ అంత నిటారుగా ఉన్నది. అందువలననే రాజా అనే ధార ఎక్కడా రాతిని తాకక ఒక్క దూకున 830 అడుగులు పడుతుంది. దాని పాదాన ఉన్న మడుగు లోతు 132 అడుగులని పాత కొలత. కన్నడిగులు ఈ చోటును జోగు గుండి అంటారు. గుండి అంటే గొయ్యి. మన గుండం అనే మాటను తలచుకొంటే దానిలోని భయం మనకూ అందుతుంది.

పడే నీరు నాలుగు పాయలు. రాజా, దాని పక్కనే అరచుకొంటూ దిగి అదే అగాధంలో కలిసే రోరర్, రాతి చట్టుల మీద ఎగిరెగిరి పడే రాకెట్, కొండ ఒంటి మీద తెల్లని వస్త్రం జారినట్లు జారే రాణి. ఈ రాణిని పూర్వం ఇంగ్లీషువారు తమ గ్రంథాలలో ఫ్రెంచి పేరుతో దామ్ బ్లాంష్, అనగా తెల్లదొరసాని, అని వ్యవహరించినారు. దొరసాని పోయి రాణి మిగలడం బాగానే ఉన్నది గాని, రోరర్, రాకెట్ అనే పేర్లు అట్లాగే నిలిచిపోయినవి. అడవిలో పుట్టిన పాయలకు ఊరివారు ఏమని పేర్లు పెట్టుకొన్నారో అడిగి వ్రాసుకొనే ఓపిక ఆ కాలపు దొరలకు లేకపోయినది.

జలపాతానికి గేర్సొప్ప అన్న పేరు వచ్చినదీ ఇట్లాగే. గేరుసొప్పె జలపాతం వద్ద ఊరు కాదు. అక్కడికి 18 మైళ్ళ దిగువన, నది శాంతించి పడవలకు దారి ఇచ్చే చోట ఉన్న పట్టణం. సముద్రం నుంచి పడవలో వచ్చేవారికి అదే రేవు, అదే గుర్తు. ఒకప్పుడది విజయనగర సామ్రాజ్యానికి సామంతులైన జైన ప్రభువుల రాజధాని. అక్కడి చతుర్ముఖ బసది నాలుగు దిక్కులకు నాలుగు ద్వారాలతో నేటికీ అడవిలో నిలిచి ఉన్నది. ఆ వంశపు చివరి రాణి చెన్నభైరాదేవి 1552 నుంచి 1606 వరకు, ఏభై నాలుగేళ్ళు, పరిపాలించినది. మన చరిత్రలో ఇంత దీర్ఘకాలం స్వయంగా ఏలిన స్త్రీలు ఎందరున్నారు? కనుమల మిరియమంతా ఆమె రేవుల నుంచి ఓడలకెక్కేది. పోర్చుగీసువారు ఆమెను మిరియాల రాణి అన్నారు. 1559లోను 1570లోను ఆమెతో యుద్ధం చేసినారు. వారికి లొంగని రాణి చివరకు పొరుగువాడైన కెళది వెంకటప్ప నాయకుని చేతిలో ఓడి, చెరసాలలో మరణించినది.

1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె హొన్నావర నుంచి పడవ మీద గేరుసొప్పెకు వచ్చినాడు. నది అందాన్ని మెచ్చుకొన్నాడు; పాడుపడి చెట్లు మొలిచిన పట్టణాన్ని వర్ణించినాడు. ఆ పాడుకు కారణంగా తాను విన్న కథ ఒకటి వ్రాసినాడు. రాణి ఒక సామాన్యుని వలచి రాజ్యభారం వానికి అప్పగించగా వాడు ఆమెకే ఎదురు తిరిగినాడని, చివరకు వెంకటప్ప నాయకుడు రాజ్యాన్ని తానే కాజేసినాడని ఆ కథ సారాంశం. చరిత్ర గ్రంథాలలో దీనిని సాక్ష్యంగా ఎత్తి చూపినవారున్నారు. కాని దెల్లా వల్లె ఎవరితో వచ్చినాడు? వెంకటప్ప నాయకుని దర్శనానికి పోతున్న పోర్చుగీసు రాయబారితో. రాణికి శత్రువైన ఒకరి పరివారంలో ఉండి, రాణిని చెరబట్టిన మరొకరి దేశంలో నడుస్తూ విన్న కథ అది. ఓడిన స్త్రీని గురించి గెలిచిన ఊళ్ళో ఏమి చెప్పుకొంటారో మనకు తెలియనిది కాదు. మిరియాల లెక్కలు ఉన్నవి, యుద్ధాల తేదీలు ఉన్నవి. రాణి పక్షాన మాట్లాడిన గొంతు ఒక్కటి కూడ ఆ పుటలలో వినబడదు.

1799లో టిప్పు పతనం తరువాత కెనరా జిల్లా ఇంగ్లీషువారికి దక్కినది. ఎడమ గట్టు మైసూరు సంస్థానానికి మిగిలినది. ఉత్తర కెనరా 1862లో మద్రాసు నుంచి బొంబాయి రాజధానికి మారినది. అందువలన జలపాతానికి ఒక ఒడ్డున బొంబాయి బంగళా, మరొక ఒడ్డున మైసూరు బంగళా వెలసినవి. 1900లో లార్డ్ కర్జన్ వచ్చి చూచినాడు. ప్రపంచ జలపాతాలను గురించి ఆయన వ్రాసిన దీర్ఘవ్యాసం 1923లో వచ్చిన యాత్రాగ్రంథంలో ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి రెండు గట్లు ఒకే రాష్ట్రంలోకి వచ్చే వరకు, ఆ నీటిని గురించి ఏమి చేయదలచినా రెండు ప్రభుత్వాలు ఒప్పుకోవలసి ఉండేది. నూట ఏభై ఏళ్ళ పాటు జలపాతాన్ని కాపాడినది కవుల ప్రశంస కాదు, ఈ సరిహద్దు తగాదాయే అని నా అనుమానం.

1927లో మహాత్మాగాంధి మైసూరు పర్యటనలో సాగర వచ్చినారు. జలపాతం అక్కడికి కొద్ది మైళ్ళే. ఆనాడు ఆయన వెంట ఉన్న కాకా కాలేల్కర్ తన జ్ఞాపకాలలో ఈ ఘట్టాన్ని వ్రాసినారు. రాజాజీ మొదలైనవారు చూడబోతున్నారు, మీరు కూడ రావలెనని కాలేల్కర్ బతిమాలినారట. గాంధీజీ రానన్నారు. ఎంత ఎత్తు నుంచి పడుతున్నదో కాలేల్కర్ చెప్పబోగా, వాన నీరు ఆకాశంలో ఎంత ఎత్తు నుంచి పడుతున్నదని గాంధీజీ ఎదురు ప్రశ్న వేసినారట. పోనీ మహాదేవ్ దేశాయినైనా పంపమంటే, అతనికి జలపాతం నేనే అన్నట్లు నవ్వి ఊరుకొన్నారట. కాలేల్కర్ మాత్రం వెళ్ళి చూచినారు. తరువాత కూడ ఒకటికి రెండుసార్లు చూచి, గుజరాతీలో నదులను జలపాతాలను గురించి తాము వ్రాసిన వ్యాసాలలో జోగుకు మంచి స్థానం ఇచ్చినారు. మరాఠీ మాతృభాషగా గల రచయిత కన్నడ జలపాతాన్ని గుజరాతీలో వర్ణించడం మన దేశంలోనే సాధ్యం.

జోగును చూచి విశ్వేశ్వరయ్యగారు ఎంత వృథా అని వాపోయినారన్న మాట కన్నడదేశంలో అందరి నోటా ఉన్నది. ఆయన అన్నా అనకున్నా ఆ కాలపు మైసూరు ఇంజనీర్లందరి మనసులోని మాట అదే. కావేరి మీద శివనసముద్రం వద్ద 1902లోనే విద్యుత్తు తీసిన సంస్థానమది. జోగు వద్ద పని చాలా ఆలస్యంగా 1939లో మొదలైనది. 1948లో కరెంటు వచ్చినది. 120 మెగావాట్ల ఆ కేంద్రం అప్పటికి దేశంలో పెద్దవాటిలో ఒకటి. దానికి మొదట మహారాజు పేర కృష్ణరాజేంద్ర అని పేరు పెట్టినారు. తరువాత మహాత్మాగాంధి జలవిద్యుత్ కేంద్రమని మార్చినారు. జలపాతం చూడడానికి రానన్న మహాపురుషుని పేరు దాని పాదంలోని యంత్రశాలకు అమరినది. పేరు పెట్టినవారికి ఈ సంగతి గుర్తుండి ఉండదు.

ఆ కేంద్రానికి ఏడాది పొడుగునా నీరందించడానికి ఎగువన మడెనూరు వద్ద హిరేభాస్కర ఆనకట్ట కట్టినారు. నీరు నిండగానే తనంత తాను బయటికి లాగి పోసే సైఫన్లు అందులో ఉండేవి. వాటిని చూడడానికి దూరదేశాల ఇంజనీర్లు వచ్చేవారట. అయితే నిండా ఇరవై ఏళ్ళు గడవక ముందే దానికి దిగువన, జోగుకు ఆరు కిలోమీటర్ల ఎగువన, లింగనమక్కి వద్ద మరింత పెద్ద ఆనకట్ట లేచినది. 1964లో అది పూర్తి అయినప్పుడు దాని వెనుక నిలిచిన నీటిలో హిరేభాస్కర ఆనకట్ట మునిగిపోయినది. వేసవిలో నీటిమట్టం బాగా తగ్గిన ఏళ్ళలో ఆ పాత కట్టడం సైఫన్లతో సహా బయటపడుతుంది. జనం పోయి చూచి వస్తారు. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడడం ఎరిగిన మనకు ఇది కొత్త దృశ్యం కాదు. అక్కడ ఆనకట్ట గుడిని ముంచినది. ఇక్కడ ఆనకట్టనే ముంచినది.

లింగనమక్కి నీరు జలపాతం మీదుగా పోదు. కాలువ ద్వారా తళకళలె జలాశయానికి మళ్ళి, అక్కడి నుంచి పెద్ద గొట్టాలలో కొండ దిగి, శరావతి విద్యుత్కేంద్రంలో యంత్రాలను తిప్పి, జలపాతానికి దిగువన నదిలో కలుస్తుంది. ఆ కేంద్రం శక్తి 1035 మెగావాట్లు. చాలాకాలం కర్ణాటక దీపాలు దాని మీద ఆధారపడే వెలిగినవి. అంటే నది ఇప్పుడు అదే ఎత్తును రెండు దారులలో దిగుతున్నది. మనకు కనిపించని దారి మొదటిది. అది నిండగా మిగిలినదే కనిపించే దారికి వస్తుంది. వానలు బలంగా కురిసి ఆనకట్ట తలుపులెత్తిన రోజులలో జోగు పూర్వపు జోగు. కొండ వాగుల నీటితో వర్షకాలమంతా నాలుగు ధారలకూ కొంత కళ ఉంటుంది. వేసవిలో పోయినవానికి ఒట్టి నల్లని రాతిగోడ, మీద తడి చారలు. నిసార్ అహమద్ గారి 'నిత్యోత్సవ' గీతంలో కన్నడదేశ వైభవానికి తొలి చిహ్నంగా నిలిచిన జోగు, ఆ గీతం పుట్టేనాటికే ఆనకట్ట దయ మీద ప్రవహిస్తున్నది.

ఇంతవరకు నీటి సంగతి. ఆ నీరు నిలిచిన నేల మీద ఊళ్ళున్నవి. పోకతోటలు, వరిమళ్ళు, గుడులు, ఇళ్ళు ఉన్నవి. వేల కుటుంబాలు లేచిపోవలసి వచ్చినది. వారిని లారీలలో ఎక్కించి అడవి భూములలో దించినారు. కొన్ని ఊళ్ళు పూర్తిగా మునగలేదు. మూడు వైపుల నీరు కమ్మి దీవుల వంటివి అయినవి. అక్కడివారు బజారుకు, ఆసుపత్రికి, కచేరికి పోవాలంటే లాంచీ కోసం రేవులో కాచుకోవలసినదే.

దీనిని వ్రాసినవాడు నా. డిసోజా. ఆయన 1937లో సాగరలో పుట్టినారు. ప్రజాపనుల శాఖలో ఉద్యోగి. శరావతి పథకంలో పనిచేసినారు. ఊళ్ళను ఖాళీ చేయించిన ప్రభుత్వ యంత్రం ఎట్లా నడుస్తుందో లోపలి నుంచి చూచినవారు. 'ముళుగడె', 'ద్వీప' అనే ఆయన నవలలలో జలపాతం లేదు. ఆ నీరు ఆగిన చోటు ఉన్నది. పరిహారం లెక్క తేలక, ఊరు విడువలేక, ప్రతి వానకు ఒక మెట్టు పైకి వచ్చే నీటిని వాకిట నిలబడి చూచే మనుషులున్నారు. 'ద్వీప'ను గిరీశ్ కాసరవళ్ళి 2002లో చలనచిత్రంగా తీసినారు. దానిని నిర్మించి నాగి పాత్ర ధరించినది మన తెలుగు తెర మీద పేరుపొందిన సౌందర్య. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమానం పొందిన ఆ చిత్రాన్ని తెలుగునాట ఎందరు చూచినారో సందేహమే. డిసోజా బాలల కోసం వ్రాసిన నవల కూడ మునిగిన ఊరికి తిరిగి వచ్చినవారి కథే. 2011లో సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం దానికే వచ్చినది. ఆయన 2025 జనవరిలో మరణించినారు.

అనువాదకునికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 'ముళుగడె' అన్న మాటను తెలుగులో ఏమనాలి? ముంపు అనే మాట వెంటనే తోస్తుంది. కాని కన్నడంలో వరద నీరు కమ్మితే నెరె. జలాశయం మింగితే ముళుగడె. మనం గోదావరి పొంగి నాలుగు రోజులు లంకలను ముంచినా ముంపే అంటాము, ఆనకట్ట వెనుక ఊరు శాశ్వతంగా పోయినా ముంపే అంటాము. తీసే నీటికి, తీయని నీటికి ఒకే మాట. సర్కారు కాగితాలలో ముంపు గ్రామం అని చదివినప్పుడు, కొన్నాళ్ళకు నీరు తీస్తుందన్న భ్రమ ఆ మాటలోనే దాగి ఉన్నదనిపిస్తుంది. మునక అంటే కొంత దగ్గర. జలసమాధి అంటే నాటకం ఎక్కువ. ఆ నవలను తెలుగు చేయబూనిన వారెవరైనా పేరు దగ్గరే ఆగిపోక తప్పదు.

గేరుసొప్పె వద్ద కూడ ఇప్పుడొక ఆనకట్ట ఉన్నది. పైనుంచి వచ్చిన నీటిని పట్టి 240 మెగావాట్లు తీస్తున్నారు. తళకళలె, గేరుసొప్పె జలాశయాల నడుమ నీటిని రాత్రి పైకి తోడి పగలు కిందికి వదిలే 2000 మెగావాట్ల పథకం ఒకటి ప్రతిపాదించినారు. దానికి తీసుకొనదలచిన అడవి సింగళీకం అనే అరుదైన కోతిజాతికి ఆశ్రయమైనది గనుక వివాదం చెలరేగినది. మిరియాల రాణి పడవలు తిరిగిన రేవులో మరొకసారి నీటి ధర నిర్ణయమవుతున్నది.

లింగనమక్కి వెనుకజలాలకు ఆవలి ఊళ్ళవారు అరవై ఏళ్ళకు పైగా లాంచీ మీద రాకపోకలు సాగించినారు. సిగందూరు చౌడేశ్వరి గుడికి పోయే యాత్రికులు కార్లతో సహా ఆ లాంచీనెక్కేవారు. గాలి వీచిన నాడు, నీరు తగ్గిన నాడు అది ఆగిపోయేది. 2025 జులై 14న అంబారగొడ్లు, కళసవళ్ళిల నడుమ సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవైన వంతెన తెరచినారు. ఆనాడు అడవి భూములలో దించిన కుటుంబాల పట్టాల తగాదా మాత్రం, మూడవ తరం వచ్చినా, ప్రభుత్వ కార్యాలయాలలోను న్యాయస్థానాలలోను నలుగుతూనే ఉన్నది.